మోకాలి లోతు నీళ్లలో: వైటూనా లాగూన్‌లో నా మొదటి ట్రౌట్ సీజన్

మాది కోనసీమ, అంతర్వేది పక్కన ఒక చిన్న ఊరు. గోదావరి సముద్రంలో కలిసే మొగ మా ఇంటి నుంచి సైకిల్ మీద అరగంట. మా దగ్గర చేపలు పట్టడమంటే వల. గాలమంటే పిల్లలు కాలవ గట్టున కూర్చుని, వానపాము గుచ్చి, జెల్లలు పట్టుకోవడం. ఉద్యోగం చేసుకునే పెద్దవాళ్లు సెలవులు దాచుకుని మరీ, రోజంతా నీళ్లలో నిలబడి గాలం విసురుతారని ఇన్వర్‌కార్గిల్ వచ్చేదాకా నాకు తెలియదు.

ఇన్వర్‌కార్గిల్ న్యూజిలాండ్ దక్షిణ దీవికి దాదాపు అట్టడుగున ఉంటుంది. ఇంకాస్త కిందికెళ్తే బ్లఫ్ రేవు, దాని ముందు ఫోవో జలసంధి, అవతల స్టూవర్ట్ ఐలాండ్. మా ఆవిడ ఇక్కడ నర్సు. నాకు పాల ఫ్యాక్టరీలో షిఫ్టు ఉద్యోగం, నాలుగు రోజులు పని, నాలుగు రోజులు సెలవు. మొదటి ఏడాది ఆ సెలవు రోజులు ఎలా గడపాలో తెలిసేది కాదు. మా పక్కింట్లో ఒక పెద్దాయన ఉంటారు. డెబ్బై దాటాయి, ఒకప్పుడు గొర్రెల బొచ్చు కత్తిరించే పని చేశారు. ఈ సౌత్‌ల్యాండ్ వాళ్లంతా ‘ర’ని దొర్లించి పలుకుతారు, పూర్వం స్కాట్లాండ్ నుంచి వచ్చినవాళ్ల యాస అట అది. ఆయన మాట అర్థం కావడానికే నాకు మూడు నెలలు పట్టింది. ఒకరోజు వాళ్ల గ్యారేజీ గోడకి వరసగా తగిలించిన రాడ్‌లు చూసి, ఇవి దేనికని అడిగాను. లాగూన్‌లోకి, అంటే గట్టు చాటున ఉండే ఉప్పునీటి సరస్సులోకి, సముద్రం నుంచి ట్రౌట్ అనే చేప వస్తుంది, దాని కోసం అన్నారు.

సముద్రం నుంచి చేప ఏట్లోకి రావడమంటే గోదావరి వాడికి ఇంకేం గుర్తొస్తుంది? పులస గురించి చెప్పాను. సముద్రంలో ఉన్నన్నాళ్లు దాన్ని విలస అంటామని, జూలైలో గోదావరికి ఎర్రనీరు తగిలాక గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుతుందని, ఆ ఈతలోనే దాని రుచి మారి పులస అవుతుందని, పుస్తెలమ్మైనా పులస తినాలని సామెత ఉందని చెప్పాను. ఆయన టీ కప్పు పక్కన పెట్టేసి విన్నారు. అంతా విన్నాక, శనివారం ఖాళీయేనా అని అడిగారు.

నిజానికి ఈ చేప ఈ దేశానిది కాదు. బ్రౌన్ ట్రౌట్ యూరప్ చేప. 1864లో ఇంగ్లండ్ నుంచి దాని గుడ్లని తడి నాచులో, చెక్క పెట్టెల్లో, మంచు మధ్య పెట్టి ఓడలో టాస్మేనియా తీసుకొచ్చారు. అక్కడ పొదిగిన చేపల సంతతి గుడ్లు 1867లో న్యూజిలాండ్ చేరాయి. మనుషులు వదిలింది కొన్ని నదుల్లోనే. అందులో కొన్ని సముద్రంలోకి దిగి, తీరం వెంట ఈదుకుంటూ పోయి, ఎవరూ వదలని నదుల్లోకి కూడా వాటంతట అవే ఎక్కేశాయి. ఒకే తల్లి పిల్లల్లో కొన్ని పుట్టిన ఏట్లోనే ఉండిపోతాయి, కొన్ని సముద్రానికి వెళ్లి బాగా తిని, బలిసి తిరిగొస్తాయి. కొంత పుట్టుకలో ఉంటుంది, కొంత ఏట్లో తిండి సరిపోకపోవడం వల్ల. సముద్రానికి వెళ్లేవాటిలో ఆడవి ఎక్కువ. గుడ్లు పెట్టాలంటే ఒంట్లో సత్తువ కావాలి కదా. ఏటి ట్రౌట్, సముద్రం ట్రౌట్ జాతి ఒకటే, పేరు ఒకటే. విలస, పులస లాగా వీళ్లు రెండు పేర్లు పెట్టుకోలేదు.

ఇంకో సంగతి విని ఆశ్చర్యపోయాను. న్యూజిలాండ్‌లో ట్రౌట్‌ని అమ్మడం, కొనడం చట్టప్రకారం నేరం. ఏ మార్కెట్లోనూ, ఏ హోటల్ మెనూలోనూ కనపడదు. తినాలంటే లైసెన్స్ తీసుకుని నువ్వే పట్టుకోవాలి, లేదా పట్టినవాళ్లెవరైనా ఊరికే ఇవ్వాలి. యానాం రేవులో ఒక్క పులసకి వేలకు వేలు పాట పాడటం చూసి పెరిగిన నాకు, ఎంత డబ్బున్నా కొనలేని చేప ఒకటుందనేది కొత్త.

పెద్దాయన చెప్పిన లాగూన్ పేరు వైటూనా, ఇన్వర్‌కార్గిల్ నుంచి ఆగ్నేయంగా, కారులో ముప్పావుగంట లోపే. ఇక్కడి మూలవాసుల మావోరీ భాషలో ‘వై’ అంటే నీరు, ‘టూనా’ అంటే మలుగు చేప. మలుగుల నీరు అన్నమాట, పేరుకి తగ్గట్టు మలుగులు ఇప్పటికీ ఉన్నాయి. 1976లోనే రామ్సర్ అనే అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాలో చేరింది. చుట్టూ పీట్ నేల, అంటే వేల ఏళ్లుగా కుళ్లీ కుళ్లని నాచు పేరుకున్న మెత్తటి నల్లమట్టి. దాని మీదుగా వచ్చే వాగుల నీళ్లు పాలు పోయని టీ డికాక్షన్ రంగులో ఉంటాయి. దక్షిణాన సన్నటి గులకరాళ్ల గట్టు, ఆ గట్టుకి అవతల సముద్రం. గట్టు తెగితే సముద్రపు నీళ్లు లోపలికి వస్తాయి, మూసుకుపోతే వాగుల నీళ్లు నిండి లాగూన్ పెరుగుతుంది. వందేళ్లకు పైగా, నీటిమట్టం పెరిగినప్పుడల్లా పొలాలు మునగకుండా మనుషులే ఆ గట్టుని తవ్వి సముద్రానికి దారి ఇస్తున్నారు. కొన్ని వారాలో, కొన్ని నెలలో తెరిచి ఉంటుంది. తర్వాత అలలు రాళ్లు తోసుకొచ్చి మళ్లీ మూసేస్తాయి. మన పులికాట్ ముఖద్వారాలు ఇసుక మేట వేసి పూడిపోతే సూళ్లూరుపేట వైపు జాలర్లు ఎంత గోల పెడతారో పేపర్లలో చదివిన వాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. మొగ తెరిచిందా, మూసిందా అన్నదాన్ని బట్టే చేప, నాచు, రైతు, అన్నీ.

అక్టోబర్ 1న లైసెన్స్ ఏడాది మొదలవుతుంది. ఆ రోజే ఆన్‌లైన్‌లో నాది తీసుకున్నాను. పెద్దాయన తన పాత రాడ్ ఒకటి ఇచ్చారు, తొమ్మిది అడుగులది, ఆరో నంబరు లైన్‌కి, అంటే గాలం దారానికి, సరిపోయేది. వేడర్స్, అంటే గుండెల దాకా వచ్చే నీళ్లు చొరబడని దుస్తులు, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. బూట్ల అడుగు రబ్బరుదేనా అని ఆయన రెండుసార్లు తిప్పి చూశారు. ఫెల్ట్, అంటే ఒత్తిన ఉన్ని, అడుగున్న బూట్లని ఈ దేశంలో నిషేధించారు. 2004లో ఇక్కడికి దగ్గర్లోని వైయావు నదిలో డిడిమో అనే నాచు బయటపడింది. ఒక్క తడి చుక్కలో కూడా ప్రయాణం చేసి ఇంకో నదికి అంటుకునే రకం, రాళ్లన్నిటి మీదా తడి దూదిలా పేరుకుపోతుంది. ఫెల్ట్ త్వరగా ఆరదు, అందుకని దాన్ని తీసేశారు. ఒక నీళ్ల నుంచి ఇంకో నీళ్లకి వెళ్లేముందు బూట్లు, వల, వేడర్స్ అన్నీ గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన నీళ్లతో కడగాలి, లేదా పూర్తిగా ఆరబెట్టి మరో రెండు రోజులు ఆగాలి. ఈ ఒక్క విషయంలో మాత్రం ఆయన నాకు ఎప్పుడూ మినహాయింపు ఇవ్వలేదు.

తర్వాత విసరడం. ఇక్కడ నేను కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే మామూలు గాలం తెలిసినవాళ్లకి ఇది తలకిందులుగా ఉంటుంది. మనం విసిరే గాలంలో బరువు ఎరది, లేదా సీసపు గుండుది. ఆ బరువు ఎగురుతూ దారాన్ని లాక్కెళ్తుంది. ఫ్లైకి బరువే ఉండదు. ముల్లుకి ఈకలు, వెంట్రుకలు చుట్టి చేసిన చిన్న బొమ్మ అది, అరచేతిలో పెట్టి ఊదితే ఎగిరిపోతుంది. అందుకని ఇక్కడ బరువు దారానిది. లావుగా, పూతపూసిన లైన్‌ని రాడ్‌తో వెనక్కి విసిరి, అది వెనక గాల్లో పూర్తిగా చాచుకునేదాకా ఆగి, అప్పుడు ముందుకి విసరాలి. ఆ ‘ఆగి’ అన్నదే మొత్తం విద్య. ఆగకపోతే లైన్ కొరడాలా చెళ్లుమంటుంది, ఫ్లై తెగిపోతుంది. ఎక్కువ ఆగితే లైన్ వెనక గడ్డిలో పడుతుంది. మణికట్టు వంచకూడదు, మోచేతి నుంచి కదలాలి. ముల్లు బదులు చిన్న ఎర్ర ఊలు ముక్క కట్టి, మా వీధి చివర రగ్బీ మైదానంలో మూడు వారాలు సాధన చేశాను. మొదటి వారం రాత్రి భుజం నొప్పితో నిద్ర పట్టేది కాదు. మూడో వారంలో ఒక సాయంత్రం, వెనక లైన్ చాచుకున్నప్పుడు రాడ్ పిడిలో చిన్న గుంజు తెలిసింది. కళ్లు మూసుకున్నా తెలిసింది. ఆ గుంజు అందాక ఇంక లెక్కపెట్టుకునే పని లేకపోయింది.

కానీ మైదానం వేరు, వైటూనా వేరు. అక్టోబర్‌లో మేం వెళ్లేటప్పటికి గట్టు తెరిచి ఉంది. నీళ్లు బాగా తగ్గిపోయి, ఒడ్డు నుంచి చాలా దూరం నల్లబురద బయటపడి ఉంది. అలా తగ్గినప్పుడు చేప లోతైన పాయల్లో, మొగ దగ్గర, ఆటుపోట్లతో పాటు తిరుగుతుంది. పోటుతో స్మెల్ట్, ఇనంగా లాంటి వేలెడంత చేపలు గుంపులుగా లోపలికి వస్తాయి, వాటి వెనక ట్రౌట్ వస్తుంది. నేను ఉత్తర ఒడ్డున వాగు కలిసే చోట దిగి, దక్షిణానికి తిరిగి నిలబడ్డాను. పడమటి గాలి కుడి భుజం మీద కొడుతోంది. ఇక్కడ గాలి ఒక రోజు వచ్చి పోయేది కాదు, నలభై ఆరో అక్షాంశం మీద సముద్రాన్ని అడ్డుకునే నేల లేక వచ్చే గాలి. కుడిచేత్తో విసిరేవాడికి కుడివైపు గాలి ప్రమాదం. లైన్ ఒంటి మీదకి వస్తుంది. రెండోసారి వెళ్లినప్పుడు ఫ్లై నా మెడ వెనక దిగింది. ముల్లుకి వెనక్కి తిరిగి ఉండే కొనని ఇంటి దగ్గరే పటకారుతో నొక్కేసి పంపారు పెద్దాయన, అందుకని లాగగానే వచ్చేసింది. లేకపోతే ఆసుపత్రే. ఆ రోజు నుంచి కళ్లద్దాలు, టోపీ లేకుండా రాడ్ ముట్టుకోలేదు. అలాంటి గాలిలో ఒడ్డువైపు తిరిగి నిలబడి, వెనక్కి విసిరే విసురుతోనే ఫ్లైని నీళ్లలో వేయాలని తర్వాత నేర్చుకున్నాను.

బురద కూడా ఆ నెలలోనే పాఠం చెప్పింది. వాగు మొగలో పైకి గట్టిగా కనిపించిన చోట అడుగేస్తే ఎడమకాలు తొడదాకా దిగింది. కంగారుగా లాగేకొద్దీ రెండో కాలు దిగుతోంది. ఉప్పుటేరు బురదలో పీతలకి వెళ్లే మా ఊరి వాళ్లు ఏం చేస్తారో గుర్తొచ్చి, నీళ్ల మీద వెల్లకిలా వాలి, కాళ్లు మెల్లగా ఆడిస్తూ బయటపడ్డాను. నడుముకి బెల్టు గట్టిగా ఉండబట్టి వేడర్స్‌లోకి నీళ్లు నిండలేదు. అప్పట్నించి చేతిలో కర్ర లేకుండా దిగలేదు, ఒంటరిగా వెళ్తే ఎక్కడికి వెళ్తున్నానో మా ఆవిడకి మ్యాప్‌లో పెట్టి చూపించి వెళ్లేవాణ్ణి.

ఏడు సార్లు వెళ్లాను. ఒక్క చేప తగల్లేదు. నాకు తెలిసిందల్లా దూరం. ఎంత లోపలికి నడవగలిగితే అంత లోపలికి, నడుం లోతుకి వెళ్లి, ఎంత దూరం విసరగలిగితే అంత దూరం విసరడం. వెనక్కి లాగిన లైన్ నీళ్లలో తేలి నాచుకి చుట్టుకునేది, మళ్లీ విసరబోతే ముడిపడి వచ్చేది. దీనికి మాత్రం సొంతంగా ఒక దారి వెతుక్కున్నాను. గిన్నెలు కడిగే చదరపు ప్లాస్టిక్ టబ్బుకి రెండు కన్నాలు పెట్టి, సాగే తాడుతో నడుముకి కట్టుకున్నాను. లాగిన లైన్ అంతా టబ్బులో చుట్టలు చుట్టలుగా పడుతుంది. పెద్దాయన అది చూసి, బాగుంది అని, మర్నాడు తను కూడా ఒకటి చేసుకున్నారు.

నవంబర్ మధ్యలో అలలు గట్టుని మూసేశాయి. నీళ్లు మెల్లగా పెరగడం మొదలైంది. అప్పుడు ఆయన నాతో వచ్చారు. రాడ్ తెచ్చుకోలేదు. తూర్పు ఒడ్డుకి తీసుకెళ్లారు, గాలి ఎదురు కొట్టే వైపు. అలలు, నురగ, నాచు ముక్కలు అన్నీ ఆ ఒడ్డుకే కొట్టుకొస్తున్నాయి. గాలి ఎక్కడికి తోస్తుందో తిండి అక్కడ ఉంటుంది, తిండి ఉన్నచోట అది ఉంటుంది అన్నారు. నేను అలవాటుగా లోపలికి నడవబోయాను. చెయ్యి పట్టుకుని ఆపారు. గడ్డి అంచున, నీళ్లకి రెండు మీటర్ల దూరంలో కూర్చోమన్నారు. కూర్చున్నాం. అరగంట పైనే ఏమీ మాట్లాడలేదు.

మెరుపు తీసే పోలరైజ్డ్ అద్దాల్లోంచి టీ రంగు నీళ్లలో మొదట ఏమీ కనపడలేదు. కాసేపటికి కళ్లు అలవాటుపడ్డాయి. ఒడ్డుని ఆనుకుని మోకాలి లోతులో గులకరాళ్లు, దాని తర్వాత రుప్పియా అనే నీటిగడ్డి, గుర్రపు జూలులా అలలతో పాటు ఊగుతూ. ఆ గడ్డికి, రాళ్లకి మధ్య ఒక బారెడు వెడల్పున ఖాళీ. ఆ ఖాళీలో రాళ్ల మీద బుల్లీలు, మన ఇసుకదొందుల్లాంటి చేపలు, అతుక్కుని ఉన్నాయి. ఉన్నట్టుండి అవన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి. తర్వాత నీళ్ల మీద ఒక గీత, బాణం ములుకులా, కుడి నుంచి ఎడమకి, ఒడ్డు వెంట, అడుగున్నర లోతులో. దాని వెనక నల్లటి వీపు ఒక్క క్షణం. మా బూట్ల ముందు నుంచే వెళ్లిపోయింది.

ఆయన నా వైపు తిరిగి, నువ్వు ఇన్నాళ్లూ నిలబడ్డది సరిగ్గా దాని తోవలో అన్నారు.

నేను వారాల తరబడి ఆ చేపల్ని తొక్కుకుంటూ వెళ్లి, అవి లేని చోటికి ఫ్లై విసిరాను. అది అర్థమయ్యాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు, ఈసారి భుజం నొప్పి వల్ల కాదు.

అక్కడి నుంచి పద్ధతి మొత్తం మార్చుకున్నాను. నీళ్లలో దిగడం మానేశాను, దిగినా పాదాల లోతే. ఒడ్డుకి సమాంతరంగా, ఎనిమిది పది మీటర్లే విసరడం. ఎదురుగాలి కాబట్టి దూరం ఎలాగూ పోదు, అవసరమూ లేదు. ఫ్లై మిసెస్ సింప్సన్ అనే పాత న్యూజిలాండ్ రకం, నెమలి జాతి పక్షి ఫెజెంట్ ఈకలు రెండు వైపులా కట్టింది, నీళ్లలో అచ్చం బుల్లీలా గోధుమరంగులో కనపడుతుంది. మూడు కిలోల బరువాపే నైలాన్ చివర ముడి వేసేటప్పుడు నోట్లో తడి చేసి బిగించాలి, పొడిగా బిగిస్తే రాపిడికి వేడెక్కి నైలాన్ బలం తగ్గుతుంది. ఫ్లైని అడుక్కి దిగనిచ్చి, జానెడు లాగి, ఆగి, మళ్లీ జానెడు లాగి. బుల్లీ అలాగే ఒక్క గెంతు గెంతి రాయి మీద ఆగుతుంది. చేప ఎక్కువసార్లు పట్టేది ఆగినప్పుడే.

నవంబర్ చివర్లో మొదటిది తగిలింది. కిలో లోపుది. పొట్ట వెన్నరంగు, పక్కలు ఇత్తడి రంగు, నల్ల చుక్కల మధ్య ఎర్ర చుక్కలు. ఇది లాగూన్‌దే, సముద్రం చూసింది కాదు అన్నారు పెద్దాయన ఫోటో చూసి. చేతులు తడి చేసుకుని, వల నీళ్లలోనే ఉంచి, ముల్లు తీసి వదిలేశాను. పొడి చేత్తో పట్టుకుంటే ఒంటి మీది జిగురు పోయి చేప తర్వాత బూజు పట్టి చస్తుంది. రెండోది పెద్దది. తగలగానే భయంతో రాడ్ పైకెత్తాను. అది తప్పు. నోట్లోంచి ఫ్లై జారిపోయింది. ఇక్కడ రాడ్ కదపకుండా, లైన్ పట్టుకున్న ఎడమచేత్తోనే నిదానంగా వెనక్కి లాగి గుచ్చాలి. ఇంటికొచ్చి, కళ్లు మూసుకుని ఎడమచేత్తో ఆ లాగడం వందసార్లు చేశాను.

డిసెంబర్ రెండో వారం. ఇక్కడ అప్పుడు ఎండాకాలం, రాత్రి తొమ్మిదిన్నరకి కూడా వెలుతురు. ఆ రోజు సాయంత్రం గాలి కాస్త తగ్గింది. గట్టు అవతల సముద్రం హోరు, పడమట బ్లఫ్ కొండ నల్లగా. నేను తూర్పు ఒడ్డున మోకాళ్ల మీద ఉన్నాను. నిలబడితే చేపకి కనపడిపోతానని. దూరంగా స్మెల్ట్ గుప్పెడు బియ్యం చల్లినట్టు నీళ్లలోంచి ఎగిరిపడ్డాయి. మళ్లీ ఎగిరాయి, ఈసారి దగ్గరగా. గీత కనపడింది. నా వైపే వస్తోంది. దానికి రెండు మీటర్ల ముందు ఫ్లై వేశాను. పడ్డ చప్పుడు నాకే పెద్దగా వినిపించింది. దిగనిచ్చాను. జానెడు లాగాను. ఆగాను. గీత ఆగిపోయింది. నీళ్లు అద్దంలా ఉన్నాయి. ఏమీ లేదు. ఇంకో జానెడు లాగబోతే లైన్ రాయికి తట్టుకున్నట్టు బిగిసింది. ఎడమచేత్తో లాగాను.

తర్వాత జరిగింది చాలా త్వరగా జరిగింది. టబ్బులోని లైన్ చుట్టలు చుట్టలుగా లేచిపోయింది, రీల్ తిరగడం మొదలైంది, నేను ఎప్పుడూ వినని చప్పుడు. అది రుప్పియా గడ్డిలోకి దూరితే తెగిపోయినట్టే. రాడ్‌ని పక్కకి, నీళ్లకి దగ్గరగా వంచి, తలని ఒడ్డువైపు తిప్పుతూ పోయాను. రెండుసార్లు గాల్లోకి లేచింది. రెండోసారి లేచినప్పుడు చూశాను. తెల్లగా ఉంది. కొత్త స్టీలు గిన్నెలా. కాళ్లు వణుకుతున్నాయి, ఉన్నచోటే కూర్చుని రీల్ తిప్పాను. వలలోకి వచ్చేసరికి పావుగంట పట్టిందో, అయిదు నిమిషాలు పట్టిందో చెప్పలేను.

54 సెంటీమీటర్లు. ఎర్ర చుక్క ఒక్కటి లేదు. వీపు నీలి ఆకుపచ్చ, పక్కలు వెండి, అందులో నల్లటి చిన్న చిన్న ఇంటు గుర్తులు. వేలు తగిలితే పొలుసు రాలి వేలికి అంటుకుంటోంది. సముద్రంలో ఉన్నప్పుడు పొలుసుల్లో పేరుకునే ఒక పదార్థం వల్ల ఆ వెండి రంగు వస్తుంది, మంచినీళ్లలో కొన్ని వారాలుంటే మెల్లగా వదిలి మళ్లీ గోధుమరంగు అవుతుంది. అంటే ఇది గట్టు మూసుకుపోకముందు, నేను బురదలో కూరుకుపోయిన ఆ రోజుల్లోనే, లోపలికి వచ్చి ఉంటుంది. ఆ ప్రాంతానికి ఉన్న పరిమితి ముందే చూసుకున్నాను, ఉంచుకోవచ్చు. ఒక్కటి ఉంచుకుంటానని ఇంటి దగ్గర చెప్పి వచ్చాను. తల మీద రాయితో ఒక్క దెబ్బ కొట్టి, నీళ్ల దగ్గర కూర్చుని ఉండిపోయాను. సంతోషం ఉంది, చేప కళ్లలోకి చూడబుద్ధి కాలేదు. రెండూ నిజమే.

కడుపు కోసి చూస్తే పదకొండు స్మెల్ట్, రెండు బుల్లీలు, ఒక చిన్న పీత. కండ నారింజ రంగు. సగం పెద్దాయనకి ఇచ్చాను. ఆయన వెన్న వేసి పెనం మీద కాల్చుకున్నారు. మిగతా సగం మా ఆవిడ పులుసు పెట్టింది. మట్టికుండ లేదు, ఇనప మూకుడు. చింతపండు, పచ్చిమిర్చి, బెండకాయలు, దించేముందు కాస్త వెన్న, అచ్చం పులసకి పెట్టినట్టే. రాత్రి వండి పొద్దున్నే తిన్నాం. పులస రుచి రాలేదు. ముళ్లు తక్కువ, నూనె తక్కువ. కానీ పిల్లాడు రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.

ఇక్కడ ఒక మాట రాయకుండా ఉండలేను. ఆ రుప్పియా గడ్డి ఉంటేనే బుల్లీలు, ఉంటేనే ట్రౌట్, ఉంటేనే బాతులు, హంసలు. చుట్టుపక్కల పాడి పొలాల నుంచి ఎరువు, పేడనీళ్ల సారం వాగుల్లో కలిసి లాగూన్‌లోకి చేరుతుంది. అది ఎక్కువైతే పాచి నీటిగడ్డిని కప్పేస్తుంది. గట్టు తప్పు సమయంలో తెరిచినా, ఉప్పు ఎక్కువై, నీళ్లు తగ్గి గడ్డి ఎండిపోతుంది. మూసి ఉంచితే పొలాలు మునుగుతాయి, లోపల చేరిన సారం బయటికి పోదు. నేను తినే అన్నం పాల ఫ్యాక్టరీ పెట్టింది, అందుకని రైతులదే తప్పని సులువుగా అనలేను. వాగుల గట్ల మీద కంచెలు వేసి, మొక్కలు నాటుతున్న రైతుల్ని కూడా చూశాను. అయినా ఇంకా చెయ్యాల్సింది చాలా ఉంది, ఆ పని వేగంగా జరగాలని గట్టిగా కోరుకుంటున్నాను. ట్రౌట్ కూడా ఇక్కడి జెయింట్ కోకోపు లాంటి స్థానిక చేపల పిల్లల్ని తింటుంది. దాని మీద ఎంత ప్రేమ పెంచుకున్నా అది ఇక్కడికి తెచ్చిపెట్టిన చేపే అని మర్చిపోకూడదనిపిస్తుంది. ఇప్పుడు శీతాకాలంలో వాగుల వెంట మొక్కలు నాటే రోజులకి నేనూ వెళ్తున్నాను. కిత్తనార మొక్కలా ఉండే హరకెకె, గడ్డి మొక్కలు, ఒక్కో గుంటకి ఒకటి.

చేప పట్టిన మర్నాడు నాన్నకి వీడియో కాల్ చేశాను. ఆయన పొద్దున్న టీ తాగుతున్నారు. ఫోటో పంపితే ఫోన్‌ని కళ్లకి దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని, అమ్మని పిలిచి చూపించి, చాలాసేపు చూశారు. పొలుసు ఎలా ఉందని అడిగారు. రాలిపోతోందని చెప్పాను. కండ రంగు అడిగారు. ఎంత లోతులో దొరికిందని అడిగారు. మోకాలి లోతు కూడా లేదన్నాను. నమ్మలేదు, మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

“ఏరెక్కిందా, ఇంకా ఎక్కలేదా?” అన్నారు.

“ఇంకా ఎక్కలేదు నాన్నా. మొగ దాటి లోపలికి వచ్చింది, అంతే. గుడ్లు పెట్టడానికి వాగులోకి ఎక్కేది మే తర్వాత.”

“అయితే అది విలసేరా. అందుకే పులుసు కుదర్లేదు,” అన్నారు నాన్న.